తన్నే తట్టువ తలరాత

భుజం దగ్గర కొలిస్తే 148 సెంటీమీటర్లకు మించని గుర్రాన్ని సాధారణంగా పోనీ అంటారు. తెలుగులో దానికి తట్టువ అనే పాత పేరుంది. పిల్లల సవారీకి, చిన్న బండికి, కొండదారిలో మూటలు మోయడానికి తట్టువను మించింది లేదు. అది కరవడమో తన్నడమో మొదలుపెట్టినా, బెదిరి పరుగు లంకించుకున్నా, ముందుకాళ్ళు పైకెత్తి మనిషిని వెనక్కి జార్చేసినా యజమాని ముందు నాలుగు దారులుంటాయి. మళ్ళీ నేర్పించడం, మరొకరికి అమ్మేయడం, పని మాన్పించి పచ్చికలో వదిలేయడం, ప్రాణం తీయడం. రెండున్నర వేల ఏళ్ళుగా దారులు ఇవే. వీటిలో దేన్ని ముందు తొక్కాలి, అది ఎవరు తేల్చాలి, తేల్చేముందు ఏం చూడాలి అన్న విషయంలోనే కాలానికో మాట వినిపించింది.

ఈ విషయంలో అన్నిటికంటే పేరు మోసిన కథ గ్రీకులది. ఫిలోనికస్ అనే థెస్సలీ వర్తకుడు బ్యుసెఫలస్ అనే గుర్రాన్ని మాసిడోనియా రాజు ఫిలిప్ దగ్గరికి తెచ్చి 13 టాలెంట్ల ధర చెప్పాడని ప్లూటార్క్ రాశాడు. అది ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. రాజు విసుగెత్తి తీసుకుపొమ్మన్నాడు. అక్కడే ఉన్న కొడుకు అలెగ్జాండర్ ఒక సంగతి కనిపెట్టాడు: గుర్రం తన నీడను చూసి తానే బెదురుతోంది. కళ్ళెం పట్టి దాని ముఖాన్ని ఎండవైపు తిప్పాడు, కాసేపు నిమిరాడు, పైబట్ట నెమ్మదిగా కింద పడేసి ఎక్కాడు. ఆ గుర్రమే క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున పోరస్‌తో యుద్ధం దాకా అతనితో నడిచింది. అది చనిపోయాక దాని పేరు మీద అక్కడ ఒక పట్టణం వెలిసింది. ప్లూటార్క్ ఈ కథ చెప్పింది రాకుమారుడి గొప్ప చాటడానికే. అయినా ఇందులో గుర్రాన్ని గురించిన పాఠం కూడా ఉంది: వర్తకుడూ రాజూ చూసింది పొగరు, పిల్లవాడు చూసింది భయం.

దాదాపు ఆ కాలానికే చెందిన జెనొఫన్ అశ్వారోహణ మీద రాసిన చిన్న పుస్తకంలో ఇదే సంగతి కథగా కాక పద్ధతిగా చెప్పాడు. పిల్లగుర్రాన్ని శిక్షకుడి దగ్గరికి పంపేటప్పుడు, కొడుకును వృత్తిలో పెట్టేవాడిలా, ఏమేం నేర్పాలో ఒప్పందం రాసుకోమన్నాడు. ఎక్కి తిరిగిన గుర్రాన్ని కొనేవాడు అది కళ్ళేన్ని నోట్లోకి రానిస్తుందా, ఎక్కనిస్తుందా, తోటి గుర్రాలను వదిలి కదులుతుందా అని ముందే పరీక్షించుకోవాలన్నాడు. బెదిరే గుర్రాన్ని కొట్టకుండా, దేన్ని చూసి బెదిరిందో ఆ వస్తువు దగ్గరికే నెమ్మదిగా తీసుకెళ్ళమన్నాడు. కోపంతో గుర్రం దగ్గరికి పోనేకూడదన్నది అతని మొదటి నియమం.

రోమన్లకు సవారీ కంటే బాధ్యత ఎవరిదన్నదే ముఖ్యం. క్రీ.పూ. 5వ శతాబ్దపు పన్నెండు పలకల శాసనం ప్రకారం పశువు ఎవరికైనా హాని చేస్తే, యజమాని నష్టపరిహారమైనా చెల్లించాలి, పశువునైనా బాధితుడికి అప్పగించాలి. అలా కొన్ని జంతువుల భవిష్యత్తు అవి తన్నిన మనిషి చేతిలోనే పడింది. ఆ తర్వాత సంతలను చూసే అధికారులు మరో నియమం తెచ్చారు. పశువును అమ్మేవాడు దాని రోగాలను, దోషాలను ముందే బయటపెట్టాలి. దాచితే కొన్నవాడు ఆరు నెలల్లోగా బేరం రద్దు చేయించుకోవచ్చు, ఏడాదిలోగా ధర తగ్గింపు కోరవచ్చు. ఏది దోషం అన్న ప్రశ్న అక్కడే తలెత్తింది. పొడిచే ఎద్దు, మొరాయించి వెనక్కి నడిచే కంచరగాడిద, కారణం లేకుండా బెదిరి తాళ్ళు తెంపుకునే జంతువు దోషం ఉన్నవే అని న్యాయవేత్త పౌలస్ అభిప్రాయం జస్టీనియన్ స్మృతిలో నమోదైంది. ‘కారణం లేకుండా’ అన్న ఆ మాటను ఆ తర్వాత వందల ఏళ్ళ పాటు ఎవరూ సరిగా పరీక్షించలేదు.

భారతదేశంలో లెక్క వేరుగా నడిచింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడికి ఒక అధ్యాయమే ఉంది. ప్రతి గుర్రం వయసు, రంగు, గుర్తులు, వచ్చిన చోటు అతను రాసి పెట్టుకోవాలి. అవలక్షణాలు ఉన్నవాటిని, కుంటివాటిని, రోగంతో ఉన్నవాటిని పైవారికి తెలియజేయాలి. గుర్రాలను తీక్ష్ణం, భద్రం, మందం అని స్వభావాన్ని బట్టి మూడు రకాలు చేసి, ఏది యుద్ధానికో ఏది సవారీకో నిర్ణయించాలి. స్వభావాన్ని దోషంగా చూడకుండా దానికి తగిన పనిని వెతికే చూపు ఇది. యుద్ధం వల్ల, రోగం వల్ల, ముసలితనం వల్ల పనికిరాకుండా పోయినవాటికి కూడా మేత పెట్టి పోషించమన్నాడు కౌటిల్యుడు. ఏ పనీ చేయలేని గుర్రానికి రాజ్యం ఖర్చుతో మేత అన్న ఆలోచన అంత పూర్వమే రాతలో ఉండటం చిన్న విషయం కాదు.

శాలిహోత్రుడి పేర, నకులుడి పేర వెలిసిన అశ్వశాస్త్రాలు రోగాలతో పాటు లక్షణాలనూ చర్చించాయి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం ఈ కోవలోనిదే. ఈ శాస్త్రాల్లో సుడులకు పెద్ద పీట. ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన చోటును బట్టి యజమానికి కలిసొస్తుందో రాదో చెప్పేవారు. ఆ నమ్మకం గుర్రాల సంతలో ధరనే మార్చేసింది. సాధువైన గుర్రం సుడి బాగాలేదని అమ్ముడుపోకుండా మిగిలిపోయేది, కరిచే గుర్రం సుడి బాగుందని మంచి ధరకు పోయేది. దీనివల్ల గుర్రాలకు జరిగింది అన్యాయమే. అదే సంప్రదాయంలో మేలైన మాటలూ ఉన్నాయి. ఏ తప్పుకు ఎక్కడ దండించాలో చెబుతూనే, కొట్టరాని చోట కొడితే గుర్రానికి కొత్త దోషాలు అంటుకుంటాయని శుక్రనీతి హెచ్చరించింది. చెడ్డ అలవాటును మనిషే పుట్టించగలడన్న ఎరుక అందులో స్పష్టంగా ఉంది.

ఓపిక ఎంత అన్నది చివరికి ధరను బట్టి ఉండేది. విజయనగర రాజు ఏటా 13,000 హుర్ముజు గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ఓడల మీద సముద్రం దాటించి తెచ్చిన అలాంటి గుర్రం మొండికేస్తే దాన్ని దారికి తేవడానికి నేర్పరులైన మనుషులుండేవారు. ఊళ్ళో పుట్టిన తట్టువకు ఆ భాగ్యం లేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందనే సామెత మన నోళ్ళలో ఇంకా నానుతోంది. మొండితనానికి మందు గట్టి చెయ్యే అని అందరూ నమ్మిన కాలం ఆ సామెతలో కనబడుతుంది.

మధ్యయుగపు ఐరోపా జంతువును నేరస్థుణ్ణి చేసింది. మనిషిని చంపిందని 1389లో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో ఒక గుర్రానికి మరణశిక్ష వేశారు. ఇంగ్లండ్‌లో మనిషి చావుకు కారణమైన జంతువు గానీ వస్తువు గానీ, లేదా దాని విలువ గానీ, రాజుకు దఖలు పడేది. డియోడాండ్ అనే ఈ పద్ధతి 1846లో రద్దయింది.

అప్పటికే ఇంగ్లండ్‌లో గుర్రాల వ్యాపారం కోర్టుల దాకా పాకింది. ‘ఆరోగ్యంగా ఉంది, సవారీకి సాధువు, దుర్గుణాలు లేవు’ అని హామీ ఇచ్చి అమ్మడం అక్కడి ఆనవాయితీ. 1839లో ఒక దావాలో న్యాయమూర్తి పార్క్ దుర్గుణానికి నిర్వచనం ఇచ్చాడు. గుర్రం స్వభావంలో ఉన్న లోపం వల్ల అది ప్రమాదకరమైనా, దాని ఉపయోగం తగ్గినా అది దుర్గుణమేనన్నాడు. ఉపయోగం తగ్గడమన్నది కొలమానం కావడంతో తొట్టి అంచును పళ్ళతో పట్టుకుని గాలి మింగడం, నిలబడ్డ చోటే అటూ ఇటూ ఊగడం కూడా దుర్గుణాల జాబితాలోకి చేరాయి. రోజంతా కొట్టంలో కట్టేసి, గడ్డి తగ్గించి దాణా పెంచిన గుర్రాలకే ఈ అలవాట్లు ఎక్కువగా వస్తాయని ఇప్పటి పశువైద్యం చెబుతుంది. కొట్టం తెచ్చిపెట్టిన జబ్బును చట్టం గుర్రం గుణంగా రాసుకుంది. ఇక హామీ లేకుండా అమ్మే సంతల్లో జిత్తులకు కొదవలేదు. తన్నే గుర్రాన్ని ముందురోజు అలిసిపోయేదాకా పరుగెత్తించడం, మత్తుమందు పట్టించి సాధువుగా చూపించడం మామూలే. కొన్నవాడికి నిజం తెలిసేది వారం తిరిగాకే. వాడు కూడా మరో సంతకు తోలేవాడు. ఇలా నాలుగైదు చేతులు మారిన గుర్రం చివరికి చేరేది ముసలి గుర్రాలను కోసే దొడ్డికే.

ఈ వ్యవహారాన్ని ఒక్కసారిగా కుదిపినవాడు జాన్ సాలమన్ రేరీ. 1827లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని గ్రోవ్‌పోర్ట్‌లో పుట్టాడు. 1857 చివర్లో ఇంగ్లండ్ వెళ్ళి, 1858 జనవరిలో విండ్సర్ కోటలో విక్టోరియా రాణి ఎదుట గుర్రాలను లొంగదీసి చూపించాడు. ఎవరో అతనికి సవాలుగా క్రూయిజర్ పేరు చెప్పారు. లార్డ్ డార్చెస్టర్‌కు చెందిన ఆ పందెపు మగగుర్రం మనుషుల మీద పడి కరుస్తుందని దాని మూతికి ఇనుప చట్రం బిగించారు. దాన్ని దాదాపు మూడేళ్ళుగా ఎవరూ ఎక్కలేదు. రేరీ కొట్టంలోకి అడుగుపెట్టినప్పుడు అరుస్తూ మీదికొచ్చింది. మూడు గంటల తర్వాత దాని మీద రేరీ, ఆ వెంటనే యజమాని కూడా ఎక్కి తిరిగారు. ఆ సంగతి యజమానే పత్రికకు రాశాడు.

రేరీ పద్ధతి చూడటానికి సులువు. ముందుకాలు ఒకటి మడిచి పట్టీతో కడతాడు. మూడు కాళ్ళ మీద నిలబడ్డ గుర్రం తన్నలేదు, పరుగెత్తలేదు. పెనుగులాడి పెనుగులాడి అలిసి మోకాళ్ళ మీద వాలి పడుకుంటుంది. పడుకున్నాక దాన్ని కొట్టడు. ఒళ్ళంతా నిమురుతాడు, కాళ్ళ మధ్య కూర్చుంటాడు, డెక్కల దగ్గర తల పెడతాడు. తనకు ఏ హానీ జరగలేదని గుర్రం గ్రహిస్తుందని అతని వాదన. ఈ విద్య నేర్చుకోవడానికి మనిషికి పది గినీల చందా, రహస్యం బయటపెట్టబోమనే ప్రమాణం షరతులు. ఆ ఏడాదే చవక పుస్తకం అచ్చయి రహస్యం వీధిన పడింది. ఇనుప చట్రాలతో, కొరడాలతో సరిపెట్టుకున్న లోకానికి రేరీ చూపింది నిజంగా మెరుగైన దారి. కానీ అది నమ్మకం కంటే లొంగుబాటుకే దగ్గర. తప్పించుకునే వీలు లేదని తెలిసిన జంతువు పెనుగులాట మానేస్తుంది, భయం మాత్రం లోపలే ఉండిపోవచ్చు. రేరీ క్రూయిజర్‌ను తనతో అమెరికా తీసుకెళ్ళి గ్రోవ్‌పోర్ట్‌లోనే ఉంచుకున్నాడు. 1866లో అతను పోయాడు. గుర్రం 1875 దాకా బతికింది. దుర్మార్గపు గుర్రంగా ముద్ర పడినదాన్ని చేపట్టి, మరొకరికి అమ్మకుండా చివరిదాకా పోషించడం అతని విద్య కంటే గొప్ప పని.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1877 నవంబరులో, అన్నా సెవెల్ నవల బ్లాక్ బ్యూటీ వెలువడింది. గుర్రమే తన కథ చెప్పుకునే ఆ నవలలో జింజర్ అనే ఆడగుర్రం కరుస్తుంది. మొదటి శిక్షకుడు దాన్ని మొరటుగా లొంగదీసిన తీరు చదివాక పాఠకుడికి ఆ కాటు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. మంచి చేతుల్లో అది కుదుటపడుతుంది. తల పైకెత్తి కట్టే బిగువు పగ్గం వేసే ఇంట్లో మళ్ళీ తన్నడం మొదలుపెడుతుంది. చివరికి అద్దెబండికి కట్టి చాకిరీ చేయిస్తే చచ్చిపోతుంది. అదే నవలలో మెర్రీలెగ్స్ అనే తట్టువ ఉంది. రెండు గంటల పాటు ఆడపిల్లలను ఓపికగా మోసినది, మగపిల్లలు బెత్తంతో కొడుతూ దిగకపోయేసరికి వెనక్కాళ్ళ మీద లేచి ఒక్కొక్కరినీ జార్చేస్తుంది. ఊరు వదిలి వెళ్ళేటప్పుడు యజమాని దాన్ని పాస్టరుకు ఇస్తూ ఎప్పుడూ అమ్మకూడదని షరతు పెడతాడు. పని చేయలేని రోజు వస్తే బాధ లేకుండా ప్రాణం తీసి పాతిపెట్టాలన్నది షరతులో రెండో సగం. తట్టువ భవిష్యత్తును ఎలా నిర్ణయించాలో చెప్పడంలో ఆ చిన్న సన్నివేశానికి సాటి వచ్చే చట్టం ఆ కాలంలో లేదు.

బ్రిటన్‌లో తట్టువల పని అప్పటికే మారుతూ వచ్చింది. 1842లో పదేళ్ళలోపు మగపిల్లలను, ఆడవాళ్ళను గనుల్లో పని చేయించరాదన్న చట్టం వచ్చాక బొగ్గుబళ్ళు లాగే పని తట్టువల మీద పడింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు దాదాపు 70,000 గుర్రాలు, తట్టువలు గనుల్లో ఉండేవి. యంత్రాలు వచ్చాక అవి తగ్గిపోయాయి. ఆ తర్వాత తట్టువ ఎక్కువగా పిల్లల సవారీకే మిగిలింది. 1929లో పోనీ క్లబ్ మొదలైంది. 1953 నుంచి థెల్వెల్ వేసిన కార్టూన్లలో బొద్దుగా ఉన్న తట్టువ, దాని మీంచి ఎగిరిపడే పాప ఇంటింటికీ తెలిసిపోయాయి.

చిక్కు అక్కడే మొదలైంది. పిల్ల ఎదుగుతుంది, తట్టువ ఎదగదు. రెండు మూడేళ్ళకోసారి అది ఇల్లు మారాల్సిందే. ముప్పై ఏళ్ళు బతికే జంతువు అలా పది ఇళ్ళు కూడా చూడవచ్చు. ప్రతి ఇంటితోనూ దాని కథలో ఒక పుట చిరిగిపోతుంది. ఎప్పుడో సరిపడని జీను ఒరుసుకుని వీపు పుండైన సంగతి, పన్ను పదునెక్కి చెంప కోసుకున్న సంగతి కొత్త యజమానికి ఎవరూ చెప్పరు. అతనికి కనిపించేది జీను చూడగానే కరవబోయే తట్టువ మాత్రమే. పెద్ద గుర్రాన్ని నిపుణుడు ఎక్కుతాడు కాబట్టి దాని బెదురు తొందరగా పట్టుబడుతుంది. తట్టువ మీద ఎక్కేది పసిపిల్లలు. వాళ్ళ బరువు చాలక, పట్టు చాలక, అది ఏం చెబుతోందో తెలియక చిన్న అలవాటు పెద్ద దోషంగా ముదిరిపోతుంది.

ధర పడిపోయిన తట్టువలకు మాంసం వ్యాపారం కాచుక్కూర్చుంది. ఐరోపా ఖండపు కబేళాలకు వెళ్ళే గుర్రాల దుస్థితి చూసి కదిలిపోయిన ఆడా కోల్ 1927లో ఆ ఎగుమతికి వ్యతిరేకంగా సంఘం పెట్టింది. 1969 నాటి పోనీల చట్టం కనీస ధర దాటితేనే తట్టువను ఎగుమతి చేయాలన్నది. మాంసపు ధరకు అమ్ముడుపోయే తట్టువ ఓడెక్కకుండా చేయడమే దాని ఉద్దేశం. 2004 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు తప్పనిసరైంది. అందులో వయసు, గుర్తులు ఉంటాయి గానీ స్వభావం రాయడానికి గడి లేదు.

తెలుగునాట తట్టువ కథ జట్కాబండి కథే. రైలు స్టేషను ముందు వరసగా నిలబడ్డ జట్కాలు, తాటాకో చాపో కప్పిన గూడు, కింద పరిచిన గడ్డి, కళ్ళకు గంతలు కట్టిన బక్క తట్టువ నిన్నమొన్నటి దాకా పట్టణాల్లో కనిపించిన దృశ్యం. రెండు చక్రాల బండి కాబట్టి బరువు సరితూగడం ప్రాణం. ముందు బరువు ఎక్కువైతే జీను వీపును నొక్కుతుంది, వెనక ఎక్కువైతే బండికర్రలు పైకి లేచి పొట్టకింది పట్టీ కోస్తుంది. అందుకే జట్కావాలా ముందుకు జరగండి, కాస్త వెనక్కి జరగండి అంటూ ఎక్కినవాళ్ళను సర్దేవాడు. తట్టువ మొరాయించిందంటే చాలాసార్లు ఆ సర్దుబాటు కుదరలేదన్నమాట. అనుభవం ఉన్నవాడు చబుకు తీసేముందు దిగి పట్టీ కింద వేలు పెట్టి చూసేవాడు. కానీ పూట గడవాలంటే బండి కదలాలి. మొండి తట్టువను మార్చడానికి డబ్బు లేక, ఆపితే కూడు లేక కొరడానే నమ్ముకున్నవాళ్ళే ఎక్కువ. రిక్షాలు, ఆటోలు వచ్చాక జట్కా పోయింది.

ఈలోగా గుర్రాన్ని మచ్చిక చేసే తీరు మారింది. 1989లో అమెరికన్ శిక్షకుడు మాంటీ రాబర్ట్స్, రేరీ తన విద్య చూపిన విండ్సర్‌లోనే, రెండో ఎలిజబెత్ రాణి ఎదుట, కాళ్ళు కట్టకుండా, గుండ్రటి దొడ్డిలో గుర్రం కదలికలను చదువుతూ దాన్ని మచ్చిక చేసి చూపించాడు. అంతకంటే పెద్ద మార్పు పశువైద్యం నుంచి వచ్చింది. స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని ఎలా చెబుతుందో పరిశీలించిన స్యూ డైసన్ బృందం 2018లో 24 చేష్టల జాబితా ప్రకటించింది. చెవులు చాలాసేపు వెనక్కి పెట్టడం, నోరు తెరిచి మూయడం, తోక విసరడం, తల ఎగరేయడం, కదలనని నిలబడిపోవడం, ఎగిరి తన్నడం లాంటివి అందులో ఉన్నాయి. వీటిలో 8 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే కండరాల్లోనో ఎముకల్లోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. పాత సంతలో దుర్గుణాలని లెక్కపెట్టినవే ఇప్పుడు లక్షణాలయ్యాయి.

అందువల్ల ఇప్పుడు నిర్ణయానికి వరస మారింది. మొదట పశువైద్యుడు పళ్ళు, వీపు, కాళ్ళు, కడుపు చూస్తాడు. తర్వాత జీను, కళ్ళెం, మేత, తోడు గుర్రాలు ఉన్నాయా లేదా అన్నవి. అవన్నీ సరిగా ఉండి కూడా అలవాటు పోకపోతే శిక్షకుడు. పిల్లలకు పనికిరానిది బండికో, మరో గుర్రానికి తోడుగానో పనికిరావచ్చు. అప్పటికీ మనుషులకు ప్రమాదమై, పూచీ పడే చెయ్యి దొరకనప్పుడు బాధ లేకుండా ప్రాణం తీయడం తప్పు కాదు. నిజం దాచి పక్క ఊరివాడి పసిబిడ్డకు అమ్మడం మాత్రం తప్పే.

మన దగ్గర ఇప్పుడు తట్టువలు, గుర్రాలు ఎక్కువగా కనిపించేది పెళ్ళి ఊరేగింపుల్లో, సముద్రపు ఒడ్డున. బాణాసంచా మోతలో తల విదిలిస్తూ, నోటి వెంట నురగతో నిలబడ్డ గుర్రాన్ని చూసి పొగరుబోతని అనుకోవడం సులువు. దాన్ని అదుపులో పెట్టడానికి కొందరు లోపల ముళ్ళున్న కళ్ళెం వాడుతున్నారు. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనలు ముళ్ళ కళ్ళెం వాడకాన్ని నిషేధించాయి. పెళ్ళికి గుర్రాన్ని మాట్లాడుకునేవాళ్ళు బయానా ఇచ్చేముందు ఆ కళ్ళేన్ని ఒకసారి విప్పించి చేత్తో తడిమి చూడాలి.